అతుకుల చరిత్ర: కదలు బొమ్మల తునకలను ఒకటిగా చేర్చిన కథ

పెద్దగట్టు జాతరను మా ప్రాంతమువారికి పరిచయము చేయనక్కరలేదు. చివ్వెంల మండలములోని దురాజ్‌పల్లి గుట్టమీద, రెండేండ్లకొకమారు మాఘమాసములో, లింగమంతులస్వామికి ఈ ఉత్సవము జరుగును. 2025 ఫిబ్రవరిలో జరిగిన జాతరకు మా ఇంటిల్లిపాదియు వెళ్లినాము. మా నాయనమ్మ గంప నెత్తిన పెట్టుకొని "ఓ లింగా" అనుచు గుట్ట ఎక్కినది. ఆ దృశ్యమును మా ఇంటి పిల్లలు మూడు సెల్‌ఫోనులలో పట్టినారు. ఇంటికి వచ్చి లెక్కించగా మొత్తము ముప్పదియేడు తునకలు తేలినవి. ఒకటి పది సెకండ్లది, మరియొకటి ఆరు నిమిషములది.

వీటిని వరుసగా చేర్చి ఒకే చిత్రముగా చేసి ఇమ్మని ఒక దుకాణమువారికి అప్పగించినాము. రెండుదినముల తరువాత వచ్చిన చిత్రములో వరుస బాగుగనే ఉన్నది. పాట కూడ జోడించినారు. కాని మనుష్యుల ముఖములు మెత్తని మైనపు ముద్దలవలె ఉన్నవి. గాలిలో ఎగురు పసుపు పొడి చిన్న చిన్న చదరపు గళ్లుగా విరిగినది. నాయనమ్మ నుదుటిమీది ముడుతలు మాయమైనవి. ఆమె మాత్రము "వయసు తగ్గించిండ్రు" అని సంతోషించినది గాని, నాకు తృప్తి కలుగలేదు.

ఈ సంగతి తరగతిలో చెప్పగా ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది: "సార్, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి అతికిస్తే వాటిమీది అక్షరాలు మారవు గదా! వీడియోలు అతికిస్తే బొమ్మ ఎందుకు చెడిపోవాలె?"

ప్రశ్న చిన్నది. దీనికి సమాధానము చెప్పవలెనన్న నూరేండ్లకు పైబడిన చరిత్రను తిరగవేయవలెను. ఆ చరిత్రలో విచిత్రమేమనగా, అతుకు పెట్టిన బొమ్మ చెడదన్న స్థితి మొదటనే ఉండెను; నడుమ దానిని పోగొట్టుకొన్నాము; మరల సంపాదించుకొన్నాము; సంపాదించినది మన చేతిలో ఉన్నట్లు చాలమందికి తెలియదు.

మొదటి కాలములో చలనచిత్రమనగా ఒక పొడుగాటి పట్టీ. దానిమీద ఒకదాని క్రింద ఒకటిగా నిశ్చల చిత్రములు ఉండును. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగునకు 16 చిత్రములు. మాటల చిత్రము వచ్చిన తరువాత సెకండునకు 24 చిత్రములు చొప్పున నడుపుట నియమమైనది. కాబట్టి రెండు దృశ్యములను కలుపుటకు కత్తెరయు జిగురును చాలును.

అయితే ఆ జిగురు మనము కవరు అంటించు బంక వంటిది కాదు. మొదట ఒక తునక చివర చిత్రమున్న జెలటిన్ పొరను గీకివేయవలెను. క్రింది ఆధార పదార్థము బయటపడగానే ఎసిటోను వంటి ద్రావణి ఉన్న సిమెంటును పూసి, రెండవ తునకను దానిమీద అద్ది కొన్ని సెకండ్లు నొక్కి ఉంచవలెను. ద్రావణి రెండు పొరలను కొంచెము కరిగించి ఒకటిగా చేయును. తరువాత ఆవిరియై పోవును. కమ్మరి రెండు ఇనుప ముక్కలను కాల్చి ఒకటిగా కొట్టుట వంటిదే ఈ పని. ఒకదానిమీద ఒకటి ఎక్కుటచే అతుకు దగ్గర ఒక చిత్రము నష్టమగును. ఆ నష్టమును కూడ తప్పించుటకు ఇటలీ దేశపు చిత్రసంకలనకర్త లియో కటోజ్జో పారదర్శకమైన పట్టీతో అంచుకు అంచు చేర్చి అతుకు యంత్రమును కనుగొన్నాడు. ఏ పద్ధతి అయినను అతుకునకు ఇరువైపుల ఉన్న తక్కిన వేల చిత్రములకు ఎట్టి మార్పును రాదు. మా విద్యార్థి చెప్పిన కాగితముల ఉపమానము అక్షరాల సరిపోవును.

ఇంటివారు తమ చిత్రములను తామే తీసుకొని తామే అతుకుకొనుట కూడ ఆ కాలములోనే మొదలైనది. కోడక్ సంస్థ 1923లో 16 మిల్లీమీటర్ల ఫిల్మును, 1932లో 8 మిల్లీమీటర్ల ఫిల్మును, 1965లో సూపర్ 8ను ప్రవేశపెట్టినది. సూపర్ 8 చుట్ట 50 అడుగులు. అడుగునకు 72 చిత్రములు. సెకండునకు 18 చొప్పున నడుపుదురు. గుణించి భాగించినచో మూడు నిమిషముల ఇరువది సెకండ్లు మాత్రమే వచ్చును! ఒక పెండ్లి తీయవలెనన్న ఎన్ని చుట్టలు కావలెనో ఊహించుకొనవచ్చును. తునకలను కలుపుట అను సమస్య సెల్‌ఫోనుతో పుట్టినది కాదు. ఇంటి కెమెరాతోనే పుట్టినది. పాశ్చాత్యదేశములలో నాటి కుటుంబములలో ఒక చిన్న అతుకు యంత్రమును, ఒక సిమెంటు సీసాయు కెమెరాతోపాటు ఉండెడివి. మన పల్లెలలో అట్టి వైభోగము లేకుండెను.

వృత్తిలోనివారు ఇంకొక జాగ్రత్తను కనిపెట్టినారు. కెమెరాలో తిరిగిన నెగటివు ఒక్కటే ఉండును. దానిని పదిమార్లు యంత్రములో త్రిప్పినచో గీతలు పడును. అందుచేత దానినుండి ఒక నకలు తీసి, సంకలనకర్త ఆ నకలునే కోసి, అతికి, విప్పి, మరల అతికి తన నిర్ణయములు చేసుకొనును. నెగటివు అంచున ముద్రింపబడిన అంకెలు నకలులోను వచ్చును. ఆ అంకెల పట్టిక ననుసరించి, దుమ్ము లేని గదిలో, చేతులకు నూలు తొడుగులు వేసుకొన్నవారు అసలు నెగటివును ఒక్కమారు మాత్రము కోసి అతుకుదురు. ఖరీదైన పట్టుగుడ్డమీద కత్తెర పెట్టుటకు ముందు పాత వార్తాపత్రికను కత్తిరించి చూచుకొను దర్జీవానికి ఈ సూత్రము బాగుగ తెలియును. పాఠకులు దీనిని మనస్సున ఉంచుకొనవలెను. వ్యాసము చివర దీనితో పని ఉన్నది.

ఫిల్మునకు ఉన్న దోషము వేరు. అసలు పోయినచో అంతయు పోయినట్లే. 1932లో విడుదలైన మొట్టమొదటి తెలుగు మాటల చిత్రము 'భక్త ప్రహ్లాద'ను నేడు చూతమన్నను ప్రతి లభించుట లేదు. దానిలోని అతుకులెట్లున్నవో పరిశీలించు భాగ్యము మనకు లేదు.

1956 ఏప్రిల్ 14వ తేదీన చికాగో నగరములో ఆంపెక్స్ సంస్థ వారు ఒక పెద్ద యంత్రమును ప్రదర్శించినారు. చార్లెస్ గిన్స్‌బర్గ్ నాయకత్వమున తయారైన ఆ యంత్రము టెలివిజన్ దృశ్యమును రెండంగుళముల వెడల్పుగల అయస్కాంత టేపుమీద వ్రాసినది. పటములు కడుగనక్కరలేదు, వెంటనే చూడవచ్చును. అందరును ఆశ్చర్యపోయినారు. కాని ఆ దినముననే మన అతుకునకు గ్రహచారము పట్టినది.

కారణమును గమనింతము. ఆ యంత్రములో నాలుగు వ్రాత తలలు గల చక్రము నిమిషమునకు 14,400 మార్లు తిరుగును. అనగా సెకండునకు 240 చుట్లు. నాలుగు తలలు గనుక 960 అడ్డగీతలు. అమెరికా పద్ధతిలో సెకండునకు 30 బొమ్మలు. కాబట్టి ఒక్కొక్క బొమ్మ 32 అడ్డగీతలుగా చీలి టేపుమీద పరచుకొనును. ఆ గీతలు కంటికి కనబడవు! టేపును వెలుతురుకు ఎత్తి పట్టినను గోధుమరంగు తప్ప మరేమియు లేదు. ఎచ్చట కోయవలెనో ఎట్లు తెలియును? సన్నని ఇనుపపొడి కలిపిన ద్రవమును టేపుమీద పూసినచో పొడి అయస్కాంత గీతలవెంబడి పేరుకొనును. అప్పుడు సూక్ష్మదర్శినిలో చూచి, బొమ్మ మొదలును సూచించు గుర్తును వెదకి, సరిగా రెండు గీతల నడుమ కోయవలెను. ఒక వెంట్రుకవాసి తప్పినచో తెరమీద బొమ్మ ఎగిరిపడును. ఈ పనిని కూడ ఓపికతో చేసినవారున్నారు గాని, అందరివల్ల నగునా?

1960లలో దీనికి విరుగుడుగా ఎలక్ట్రానిక్ సంకలనము వచ్చినది. అనగా టేపును కోయనే కోయరు. ఒక యంత్రములో అసలు టేపును ఆడించుచు, కావలసిన భాగమును మాత్రము రెండవ యంత్రములోని టేపుమీదికి వ్రాయింతురు. సౌకర్యము గొప్పదే. కాని అర్థము మారిపోయినది. అతుకుట అనగా ఇక అతుకుట కాదు, నకలు తీయుట.

నకలునకు నకలు తీసినచో ఏమగునో జెరాక్సు దుకాణమునకు వెళ్లిన ప్రతి విద్యార్థికి తెలియును. టేపు ప్రతి నకలునందును తనదైన రొదను కొంత చేర్చును. ఒక్కొక్క నకలు సమానమైన రొద చేర్చునని అనుకొన్నచో, రెండవ తరమునకు రొద శక్తి రెట్టింపు, నాలుగవ తరమునకు నాలుగు రెట్లు అగును. డెసిబెల్ లెక్కలో చెప్పినచో మొదటిది 3, రెండవది 6 డెసిబెల్‌ల నష్టము. 1976లో జపానులో వెలువడి 1980లలో మన ఇండ్లకు చేరిన వీహెచ్‌ఎస్ క్యాసెట్టు అసలే బీదది. తెర వెడల్పున అది సుమారు 240 గీతల వివరమును మాత్రమే చూపగలదు. రంగునకు దానిలో దక్కిన చోటు మరీ ఇరుకు. అందుచేత నకలు పెరిగినకొలది మొదట చెడునది రంగే.

మా ఇంటి అనుభవము ఒకటి చెప్పెదను. మా తల్లిదండ్రుల పెండ్లి 1980ల చివర జరిగినది. ఆ క్యాసెట్టులో మా తాతగారు ఒకటిన్నర నిమిషము కనబడుదురు. కదలుచున్న ఆయన రూపము మరెక్కడను లేదు. మా క్యాసెట్టులో మా అమ్మ ఎర్రచీర రంగు కారి, ప్రక్కన కూర్చున్న తాతగారి తెల్లని ధోవతిమీద పడును. మీసము కనబడునుగాని కన్నులు కనబడవు. చిన్నతనములో ఆ రోజులలో కెమెరాలంతేనని అనుకొనెడివాడను. ఆ మధ్య కోదాడలో మా మేనమామ ఇంటి అటకమీద ఇంకొక క్యాసెట్టు దొరికినది. దానిలో తాతగారి కన్నులున్నవి! రెండును ఒకే పెండ్లి, ఒకే కెమెరా. విచారింపగా సంగతి తెలిసినది. కెమెరా టేపు మొదటి తరము. దానిని కోసి కూర్చిన టేపు రెండవ తరము. ఆ కూర్పునుండి నేరుగా తీయించిన మూడవ తరపు నకలు మా మేనమామది. మాది ఎవరివద్దనో అడిగి తెచ్చుకొని నకలు చేయించుకొన్న క్యాసెట్టునకు మరల నకలు. అనగా అయిదవ తరము. ఇంటిలో పాత క్యాసెట్టులున్న పాఠకులు తమ చేతిలోనిది ఏ తరముదో, చుట్టములలో ఎవరివద్ద అంతకు పెద్ద తరముది కలదో ఇప్పుడే విచారించుట మంచిది. టేపు మీది పొర కాలక్రమమున రాలుచుండును. దానిని ఆడించు యంత్రములు అంతకన్న వేగముగా మాయమగుచున్నవి.

ఈ రొదనుండి మనలను తప్పించినవి అంకెలు. బొమ్మను అంకెలుగా మార్చినచో నకలు తీయుట అనగా అంకెలను చూచి వ్రాయుటయే. 37ను చూచి 37 అని వ్రాసినచో నూరవ నకలులోను 37 ఉండును. అయితే అంకెలు మితిమీరినవి. మన టెలివిజన్ ప్రమాణములో ఒక బొమ్మకు 720 నిలువు వరుసలు, 576 అడ్డవరుసలు. బిందువునకు రెండు బైట్లు. సెకండునకు 25 బొమ్మలు. హెచ్చవేయగా సెకండునకు 2,07,36,000 బైట్లు. గంటకు 74 గిగాబైట్లకు పైమాట. ఇంత బరువును ఇంటివారు మోయగలరా? కుదింపక తప్పదు.

ఆ కుదింపు కథలో ఒక తెలుగు పేరు ఉన్నది. కామిశెట్టి రామమోహనరావు. మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1952లో పట్టభద్రుడై, అమెరికా వెళ్లి, 1966 నుండి టెక్సాస్ విశ్వవిద్యాలయపు ఆర్లింగ్టన్ శాఖలో ఆచార్యుడుగా పనిచేసి, 2021లో మరణించినారు. బెంగళూరులో జన్మించిన నాసిర్ అహ్మద్ ఈయన మిత్రుడు. అహ్మద్‌కు 1972లో ఒక ఆలోచన తోచినది. దానిమీద పరిశోధనకు ధనసహాయము కోరగా, ఇది మరీ సులభమైన విషయమని అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థ వారు నిరాకరించినట్లు ఆయనయే తరువాత వ్రాసినారు. అహ్మద్, ఆయన శిష్యుడు నటరాజన్, మన రామమోహనరావుగారు కలిసి 1974 జనవరిలో ఒక చిన్న వ్యాసము ప్రకటించినారు. విచ్ఛిన్న కొసైను పరివర్తనము, సంక్షిప్తముగా డీసీటీ, ఆ వ్యాసముద్వారా లోకమునకు తెలిసినది. నేడు మన సెల్‌ఫోనులోని ఛాయాచిత్రములును, డీవీడీలును దానిమీదనే నడుచుచున్నవి. క్రొత్త వీడియో పద్ధతులలో ఉన్నది దానికి దగ్గర చుట్టమే. మరీ సులభమన్న మాట నిజమే కావచ్చును. సులభముగా ఉండబట్టియే చిన్న యంత్రములలో ఇమిడినది.

ఆ పద్ధతి ఇట్టిది. బొమ్మను నిలువున 8, అడ్డముగా 8 బిందువులు గల చిన్న గళ్లుగా విడదీయుదురు. ఒక్కొక్క గడిలో 64 అంకెలు. ఈ 64 అంకెలకు బదులు మరియొక 64 అంకెలు వ్రాయుదురు. గళ్లచీరల అంగడిలో 64 రకముల నేతలున్నవనుకొనుడు. మొదటిది గళ్లు లేని ఒకే రంగుది. తరువాతివి వెడల్పాటి చారలు. చివరివి మిక్కిలి సన్నని గళ్లు. మన గడిలోని బొమ్మను తయారు చేయుటకు ఏ నేత ఎన్ని పాళ్లు కలుపవలెనో చెప్పునవే ఆ క్రొత్త అంకెలు. లోకములోని బొమ్మలు చాలవరకు వెడల్పాటి చారలతోనే తయారగును. సన్నని గళ్ల పాలు స్వల్పము. ఇంతవరకు నష్టమేమియు లేదు. వెనుకకు లెక్కించినచో మొదటి అంకెలు తిరిగి వచ్చును.

నష్టము తరువాతి అడుగులో ఉన్నది. ఈ అంకెలను యథాతథముగా వ్రాయక, ఒక మెట్టుతో భాగించి దగ్గరి పూర్ణాంకమునకు సరిపెట్టుదురు. సన్నని గళ్లకు మెట్టు పెద్దదిగా ఉంచుటచే వాటిలో చాల అంకెలు సున్నలగును. సున్నలను వ్రాయుటకు చోటు అక్కరలేదు. కుదింపు అంతయు ఇచ్చటనే ఉన్నది.

ఒక అంకె 37 అనుకొందము. మెట్టు 8. 37ను 8తో భాగింపగా 4.625, దగ్గరి పూర్ణాంకము 5. తిరిగి విప్పునప్పుడు 5ను 8తో హెచ్చింపగా 40 వచ్చును. మూడు తేడా, కన్ను గుర్తింపదు. ఇప్పుడు ఈ కుదించిన చిత్రమును విప్పి మరియొక దుకాణములో మెట్టు 6తో తిరిగి కుదించినారనుకొనుడు. 40ని 6తో భాగింపగా 6.67, దగ్గరిది 7, విప్పినచో 42. అసలు 37 ఇప్పుడు 42 అయినది. అసలునే నేరుగా 6 మెట్టుతో కుదించి ఉన్నచో 36 వచ్చెడిది, ఒక్కటే తేడా. రెండవమారు వాడిన మెట్టు మొదటిదానికన్న సన్ననిదే. అయినను తేడా పెరిగినది! మొదట పోయినది తిరిగి రాదు సరికదా, రెండవ కుదింపు తన తప్పును దానిమీద వేసినది. మా జాతర చిత్రమునకు జరిగినది ఇదే. దుకాణమువారు ముప్పదియేడు తునకలను విప్పి, కలిపి, చిన్న పరిమాణములో, పెద్ద మెట్లతో తిరిగి కుదించినారు. పసుపు పొడి అంతయు సన్నని గళ్ల సొత్తు. ఆ గళ్లన్నియు సున్నలైనవి. నాయనమ్మ ముడుతలును అంతే.

మరి విప్పకుండ కలుపవచ్చునా? 1995లో వచ్చిన డీవీ టేపు కెమెరాలలో ఈ పని మిక్కిలి తేలిక. ఆ పద్ధతిలో ప్రతి బొమ్మయు దేనికది విడిగా కుదింపబడును. కెమెరానుండి కంప్యూటరునకు అంకెలు యథాతథముగా ప్రవహించును. ఏ బొమ్మ దగ్గర కోసినను, దేనితో చేర్చినను, ఫిల్మును కత్తెరతో కోసినట్లే. ఒక దృశ్యము మరియొకదానిలో కరగిపోవునట్లు చేసినచోట, అక్షరములు వేసినచోట మాత్రమే తిరిగి లెక్కింపవలెను. గంటకు సుమారు 13 గిగాబైట్లు పట్టెడిది గాని, అతుకు విషయములో అది స్వర్ణయుగము.

చోటు ఇంకను తగ్గింపవలెనన్న ఆశ ఆ యుగమును ముగించినది. వీసీడీ, డీవీడీ, 2003లో వచ్చిన హెచ్.264, 2013లో వచ్చిన హెచ్ఈవీసీ, ఇవన్నియు ఒక బొమ్మకు ముందరి బొమ్మకు గల పోలికను వాడుకొనును. కిరాణా దుకాణపు ఖాతా పుస్తకములో పేజీ మొదటి వరుసలో 'బియ్యము, సన్నరకము' అని పూర్తిగా వ్రాసి, క్రింది వరుసలలో రెండు చుక్కలు పెట్టి ఊరకొందురు. పైన ఉన్నదే క్రిందను అని అర్థము. వీడియోలోను అంతే. పూర్తిగా వ్రాసిన బొమ్మ ఒకటి. దాని వెనుక సగము సెకండో రెండు సెకండ్లో వరుసగా చుక్కల బొమ్మలు, మారినంతవరకే వ్రాసినవి. కొన్ని చుక్కలు పై వరుసనే గాక క్రింది వరుసను కూడ చూడుమనును. పేజీని నడుమ చించినచో క్రింది చుక్కలు దేనిని సూచించునో తెలియదు. కాబట్టి విప్పకుండ కోయదలచినవారు పూర్తి బొమ్మ ఉన్నచోటనే కోయవలెను. కోయకుండ మొత్తము తునకను మొత్తము తునకతో చేర్చువారికి ఈ చిక్కు కూడ లేదు, ఏలయన ప్రతి తునకయు పూర్తి బొమ్మతోనే ఆరంభమగును.

చిక్కు వేరొకచోట ఉన్నది. చేర్చవలసిన తునకలు ఒకే పద్ధతిలో, ఒకే కొలతలో, ఒకే విధమైన శబ్దపు లెక్కలో ఉండవలెను. ఖాతా పుస్తకములు రెండును ఒకే భాషలో ఉండవలెనని చెప్పినట్లు. అట్లున్నచో వాటి అంకెలను ఒకదాని తరువాత ఒకటిగా క్రొత్త అట్టలో కుట్టవచ్చును. ఫాబ్రిస్ బెల్లార్ అను ఫ్రెంచి మేధావి 2000లో ఆరంభించిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ అను ఉచిత సాధనము ఈ పనిని చేయును. దానికి తునకల పేర్ల పట్టిక ఇచ్చి, 'కుదింపు మార్చక నకలు మాత్రమే చేయుము' అని ఆజ్ఞాపించిన చాలును.

నేను ఆ పట్టికను వ్రాసినాను. ఒక ఫోనులోని ఇరువదిరెండు తునకలు ఒకే అమరికతో తీసినవి. అవి రెండు నిమిషములైనను పట్టకుండ ఒకటైనవి. తిరిగి లెక్కించు పని లేదు గదా! నమ్మకము కొరకు ఒక పరీక్ష కూడ చేసినాను. విద్యార్థులు ప్రయోగశాలలో చేసి చూడదగినది. అదే సాధనము ప్రతి బొమ్మను విప్పి దానికొక వ్రేలిముద్ర వంటి సంఖ్యను కట్టి ఇవ్వగలదు. బొమ్మలో ఒక్క బిందువు మారినను ఆ సంఖ్య మారును. అసలు తునకల సంఖ్యలను, కలిపిన చిత్రము సంఖ్యలను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చగా వేలకొలది వరుసలలో ఒక్క తేడాయు లేదు. దుకాణమువారి చిత్రములో ఒక్కటియు కలియలేదు.

శబ్దము మాత్రము కొంత తొందర పెట్టినది. ఫోనులలో శబ్దమును 1,024 నమూనాల పొట్లములుగా కట్టుదురు. సెకండునకు 48,000 నమూనాలు గనుక పొట్లము 21.3 మిల్లీసెకండ్లు, బొమ్మ 33.3 మిల్లీసెకండ్లు. రెండును ఒకేచోట ముగియవు. ప్రతి అతుకు దగ్గర ఈ చిల్లర తేడాను సరిచూడనిచో, ఇరువది అతుకుల తరువాత డప్పుమీద కర్ర పడిన కొంతసేపటికి మోత వినబడును. ప్రతి తునక వ్యవధిని బొమ్మలనుబట్టి పట్టికలో నిర్ణయించి ఆ చిక్కును తీర్చుకొన్నాను.

రెండవ ఫోను హెచ్ఈవీసీ పద్ధతిది, దానిలో పది తునకలు. మూడవదానిలోని నాలుగింటిని పిల్లలు నిలువుగా పట్టి తీసినారు. ఈ పదునాలుగింటిని యథాతథముగా చేర్చుట సాధ్యము కాలేదు. ఇచ్చట నెగటివు కోయువారి సూత్రము అక్కరకు వచ్చినది. నకలుమీద నిర్ణయములన్నియు చేసుకొని, అసలునుండి నేరుగా, ఒకే ఒక్కమారు, చోటునకు లోభింపక సన్నని మెట్లతో మార్చి చేర్చినాను. అసలు తునకలను చెరపలేదు. వాటిని వేరొక డిస్కులో దాచినాను. నకలును అసలని భ్రమించి అసలును చెరపివేయుట మా ఇంటిలో ఒకమారు జరిగినది, రెండవమారు జరుగనీయరాదు.

లెక్కపెట్టుచున్న పాఠకులు ముప్పదియేడవ తునక ఏదని అడుగుదురు. గుట్టమీద, చీకటి పడిన తరువాత, నాయనమ్మ తన చిన్ననాటి జాతర పాట పాడినది. దానిని తీసిన మా చిన్నాయన కొడుకు వాట్సాప్‌లో అందరికి పంపి, ఫోనులో చోటు చాలక అసలును చెరపినాడు. దానిని పత్రమువలె పంపి ఉన్నచో అంకెలు యథాతథముగా చేరెడివి. వీడియోవలె పంపుటచే దారిలోనే కుదింపు జరిగినది. మిగిలినది ఆ నకలొక్కటే. దానిని తక్కినవాటితో సమానముగా పెద్దది చేయుటకు మరియొకమారు కుదింపవలసి వచ్చును. నేను ఆ పని చేయలేదు. చిత్రము చివర కాక, ప్రక్కన విడిగా, ఉన్నది ఉన్నట్లు ఉంచినాను. తెరమీద అది చిన్నదిగా, మసకగా కనబడును. పాట మాత్రము స్పష్టముగా వినబడును.

క్రొత్త చిత్రమును నాయనమ్మకు చూపినాము. తన ముఖమున ముడుతలు తిరిగి వచ్చినందుకు ఆమె నన్ను కొంచెము కోపగించుకొన్నది. తరువాత విడిగా ఉన్న ఆ చిన్న తునకను చూచి, "గిది మళ్ల ఒక్కపారి పెట్టు బిడ్డా" అన్నది.